ఏడో ఆకు

రైలు గంట ఆలస్యమట. ఈ పీజీ సెంటరు అటెండరు సత్తియ్య గారు వచ్చి చెప్పి వెళ్ళారు, "మైసూరు మేడం గారి బండి ఇంకా నిడదవోలులోనే ఉందంటండి, జగపతిరాజు గారు స్టేషన్లోనే కాసుకుని ఉన్నారండి, తవరేం కంగారు పడకండి" అని. ఆయన ఆ చివరి మాట అనేదాకా నాకు కంగారు పడొచ్చని తోచనే లేదు, ఇప్పుడు తోచింది. పరీక్ష చెయ్యాల్సింది ఆవిడే, పదికి మొదలవ్వాల్సిన నా పీహెచ్‌డీ వైవా పదకొండుకి. తొమ్మిదేళ్ళు కూర్చుని రాసిన మూడు వందల నలభై పేజీలని ఆ ఆకుపచ్చ తలుపు వెనక నలుగురి ముందు నిలబెట్టుకోవాలి. నిలబడితే సాయంత్రానికి నేను డాక్టర్ శ్రీదుర్గని, కూలితే మళ్ళీ పాలకొల్లు కాలేజీలో ఇంటర్ పిల్లలకి వ్యాసాలు చెప్పి రాయించే శ్రీదుర్గ మేడంని. ఒళ్ళో మెరూన్ రంగు రెక్సిన్ బైండు, దాని మీద బంగారు రంగు అక్షరాలు, నా చెమటకి అప్పుడే ఒక అక్షరం మసకబారింది. పక్కనే, అదే బల్ల మీద, మా అమ్మ రత్నమాణిక్యం ప్రపంచంలో ఏ రైలుతోనూ తనకి పని లేనట్టు లేసు అల్లుకుంటోంది. దారపు ఉండ దొర్లిపోకుండా చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటుంది, దారం లాగినప్పుడల్లా ఉండ లోపల ఒక చుట్టు తిరిగి డబ్బా గోడకి మెత్తగా తగులుతుంది. నా చిన్నతనమంతా ఆ చప్పుడులోనే గడిచింది. రాత్రి "రాజమండ్రిలో సన్నదారం మంచిది దొరుకుద్దే, నేనూ వస్తా" అంది. సన్నదారం పాలకొల్లులో వీధి వీధికీ దొరుకుతుంది. నాకు తెలుసు, తెలిసినట్టు తనకీ తెలుసు, ఇద్దరం పొద్దున్నే మొదటి బస్సెక్కి సిద్ధాంతం ఊరి దగ్గర వంతెన మీద గోదావరిని చూస్తూ దారం సంగతే మాట్లాడుకుంటూ వచ్చాం.

గంట. గంటలో ఏం చెయ్యొచ్చు? నాలుగో అధ్యాయం ఇంకోసారి చదవొచ్చు, చదివితే భయం పెరుగుతుంది. చదవకపోతే ఇంకా పెరుగుతుంది. మొన్న శుక్రవారం మా గైడు జగపతిరాజు గారు భీమవరం నుంచి ఫోన్ చేసి పరీక్షకుల రిపోర్టులు చదివి వినిపించారు. మైసూరావిడది మొదటి పేజీ అంతా మెచ్చుకోలే, వింటూ నేను గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను, ఇంత హాయి మళ్ళీ జన్మలో దొరకదనుకున్నాను, అప్పుడు చివర మూడు వాక్యాలు. "నాలుగో అధ్యాయం మొత్తం పదిహేడో ఫుట్‌నోటు మీద నిలబడి ఉంది. ఆ స్త్రీలు చూడలేదని అభ్యర్థినికి ఎలా తెలిసింది? ఎవరినైనా అడిగారా?" అంతే. రాజుగారు ఫోన్లో గొంతు సవరించుకుని, "చూడమ్మా, ఫుట్‌నోటే కదా. ఊరికే ఉదాహరణకి చెప్పానండి, దాని మీద వాదనేం లేదండి, అని ఒక్క మాట చెప్పేసి దాటేయ్. ఆవిడా పెద్దగా పట్టించుకోరు. నెగ్గేసిన పరీక్ష ఇది, పాడు చేసుకోకు" అన్నారు. మంచి సలహా. వారం నుంచీ ఆ ఒక్క మాటని ఇంగ్లీషులో బట్టీ పడుతున్నాను, స్నానం చేస్తూ, పోపు వేస్తూ, బస్సులో కిటికీ వైపు తిరిగి. ఎంత పట్టినా నోటికి రావడం లేదు. ఎందుకంటే ఆవిడ అడిగింది నిజం. నేను ఎవరినీ అడగలేదు.

అసలు ఇందులోకి ఎలా వచ్చి పడ్డాను నేను? ఇరవై మూడేళ్ళప్పుడు పాలకొల్లు బస్‌స్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఒక నవల తెరిచాను, అట్ట ఊడిపోయిన పుస్తకం, అందులో ఎనభై పేజీలు గడిచినా ఏమీ జరగదు, ఒక గదిలో వెలుతురు మారుతుంది, ఒక మనిషి ఆ మారడాన్ని చూస్తాడు, అంతే. నరసాపురం బస్సు వచ్చి వెళ్ళింది, ఇంకోటి వచ్చి వెళ్ళింది, మూడోదాని కండక్టరు "ఏవమ్మా, ఎక్కుతారా ఉంటారా" అని గదమాయించాడు, నాకు ఒళ్ళంతా ఝల్లుమంటోంది, ఏమీ జరగని చోట ఇంత జరుగుతోందేమిటని. ఆ తరవాత అలాంటి యూరప్ నవలల వెనక ఎవరున్నారని తవ్వుతూ పోతే తత్వవేత్తలు దొరికారు. ఓ జర్మన్ పెద్దాయన రెండు వందల ఏళ్ళ కిందట కూర్చుని తేల్చాడు, అందమంటే కావాలనిపించకుండానే నచ్చేది అని. మామిడిపూత చూసి కాపు ఎంత వస్తుందోనని లెక్కేసుకుంటే అది అందాన్ని చూడ్డం కాదు, పూతని పూతగా చూసి ఆగిపోతే అప్పుడు అందం. నేను ఆ మాట చదివిన రోజు ఇంట్లో అన్నం తినలేదు! తిననక్కర్లేదనిపించింది. మా ఊళ్ళో అందరూ పూత చూసి కాపు లెక్కేసుకునేవాళ్ళే కదా, నేనొక్కదాన్నే పూత చూసేదాన్నని గర్వం. ఆ గర్వంతోనే తొమ్మిదేళ్ళు రాశాను. ముందు తత్వవేత్తలు అందం ఎలా ఉంటుందో గీసి ఇచ్చారు, వందేళ్ళ తరవాత నవలాకారులు ఆ గీతని పట్టుకుని పేజీల మీద అల్లారు, అన్నాను. తత్వం కన్ను, సాహిత్యం చెయ్యి, అన్నాను. ఆ వాక్యం రాసిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను. చెయ్యి ఎంత గొప్పగా అల్లినా తను ఏం అల్లుతోందో చేతికి తెలియదు, చూడాల్సింది కన్నే. దానికి రుజువు? రుజువు పదిహేడో ఫుట్‌నోటు.

అమ్మ దారం లాగింది, ఉండ తిరిగింది. సత్తియ్య గారు చిన్న గ్లాసుల్లో టీ తెచ్చి పెట్టారు. పైన ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి బల్ల దాకా రావడం లేదు, మార్చిలోనే ఈ ఉక్క ఏమిటో. అమ్మ టీ చల్లారబెట్టుకుంటూ తలుపు వైపు చూసి, "లోపల ఏం అడుగుతారే?" అంది. "పుస్తకం గురించి." "రాసింది నువ్వే కదా, ఇంకేం అడుగుతారు?" నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ పుస్తకంలో నువ్వున్నావమ్మా, పేరు లేకుండా ఉన్నావు, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నావు.

అప్పుడు నాకు పదేళ్ళు. తుపాను వచ్చిన సంవత్సరం, దానికి కొన్ని నెలల ముందు. లేసు ఏజెంటు అప్పాజీ గారు సైకిలు దిగి మా వీధి అరుగు మీద ఒక మల్లు గుడ్డ విప్పారు, అందులో యూరప్ నుంచి వచ్చిన పాత లేసు ముక్క, గుండ్రంగా, మధ్యలో పువ్వు, చుట్టూ పన్నెండు ఆకులు. దొరసానులు టీ కప్పుల కింద వేసుకుంటారట. అచ్చం ఇలాంటివే కావాలన్నారట. పద్నాలుగు మంది ఆడవాళ్ళు చేతులు చీరకి తుడుచుకుని దాని చుట్టూ చేరారు. మా వీధిలో లేసు పనికి ఒకటే నియమం, శాంపిల్ ఎలా ఉంటే అలా. ఒక్క ముడి ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు, మనకి తోచిన సొగసు చేర్చకూడదు. నాలుగు నెలలు అల్లారు, మూటలు కట్టి పంపారు, మూటలన్నీ తిరిగొచ్చాయి. మొదటి ముడి దగ్గర్నుంచి లెక్కపెడితే ఏడో ఆకు, పంపిన ప్రతి ముక్కలోనూ, కొంచెం లోపలికి వంగి, మొదట్లో చిన్న ముడితో, ఉంది. శాంపిల్లో అలాగే ఉంది మరి! ఆ దేశంలో ఎవరి దగ్గరో ఆ ముక్క చిరిగింది, ఎవరో దాన్ని సూదితో కుట్టి బాగుచేసుకున్నారు, ఆ కుట్టు దగ్గర ఆకు వంగిపోయింది. మావాళ్ళు ఆ కుట్టుని కూడా అల్లారు. అప్పాజీ గారు ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు అరుగు మీద మూట గిరాటు పెట్టి, "చేతులున్నాయి గానీ కళ్ళు లేవా అమ్మా మీకు! అతుకుకీ అల్లికకీ తేడా తెలీదా!" అని అరిచారు. నేను గుమ్మం వెనక నిలబడి విన్నాను. వీధి వీధంతా విన్నది. పదిహేను రోజుల పాటు పద్నాలుగు మందీ కూర్చుని అన్నిటిలో ఏడో ఆకు ఊడదీసి మళ్ళీ అల్లారు. స్కూల్లో పిల్లలు నన్ను కుట్టుని అల్లినోళ్ళమ్మాయని ఏడిపించారు.

ఇదీ ఫుట్‌నోటు. "మా ప్రాంతపు లేసు పనివారి ఉదంతం ఒకటుంది" అని మొదలుపెట్టాను, చూడండి ఎంత పెద్దమనిషి తరహాగా ఉందో. మా ప్రాంతపు! మా అమ్మ అనలేదు, మా వీధి అనలేదు. చివరికి, "నైపుణ్యం గల చెయ్యి, చూపు లేని చెయ్యి" అని తేల్చేశాను. ఆ మాట నాది కూడా కాదు, ఇప్పుడు తెలుస్తోంది, అప్పాజీ గారి తిట్టుని తెచ్చి ఇంగ్లీషు చేసి తత్వం అని పేరు పెట్టాను. గుమ్మం వెనక నిలబడ్డ పదేళ్ళ పిల్ల సిగ్గు పోగొట్టుకోవడానికి మూడు వందల నలభై పేజీలు రాసిందా ఏమిటి? తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అడగండి మైసూరు మేడం గారూ, గట్టిగా అడగండి. ఎవరినైనా అడిగారా? అడగలేదు. అరుగులు ఇంకా ఉన్నాయి, ఆ పద్నాలుగు మందిలో తొమ్మిది మంది బతికే ఉన్నారు, వాళ్ళలో ఒకావిడ రోజూ నాకు కాఫీ కలిపి ఇస్తుంది, ఇప్పుడు నా పక్కన కూర్చుని టీ గ్లాసు బల్ల కింద పెట్టి మళ్ళీ సూది తీసింది.

"అమ్మా."

"ఊఁ."

"అప్పాజీ గారు తెచ్చిన శాంపిలు గుర్తుందా? మూటలు తిరిగొచ్చాయే, అది."

సూది ఆగలేదు. "ఏడో ఆకు" అంది అమ్మ.

ఆ మాట అంత తొందరగా వస్తుందనుకోలేదు. నేను ఏమీ చెప్పకుండానే, ఆకు అనకుండానే. "అది కుట్టని మీకెవరికీ తెలీలేదు కదా" అన్నాను. అడిగినట్టు కాదు, అవునంటే లోపలికి వెళ్ళి ధైర్యంగా చెప్పేసుకోవచ్చని, అడిగానని చెప్పుకోవచ్చని. అమ్మ అల్లుతున్న వరస చివరిదాకా వెళ్ళింది, వరస మధ్యలో ఎప్పుడూ ఆపదు, ఇల్లు కాలిపోతున్నా ఆపదు, తరవాత సూది ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"తెలుసే. చూడగానే తెల్సింది."

"ఎవరికి?"

"వాళ్ళకి తెలీదు. నాకు తెల్సు."

వరండాలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు. నేను గొంతు తగ్గించి, "మరి చెప్పలేదేం?" అన్నాను. అమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "చెప్తే మానేసేవోళ్ళు కదే" అంది. నాకు అర్థం కాలేదు. మానేస్తే మంచిదే కదా! "బావుంది కదా అది" అంది అమ్మ, ఎదురుగా గోడ మీద ఎక్కడో చూస్తూ. "మిగతా ఆకులన్నీ అల్లికేనే. అదొక్కటీ… ఎవరో చింపుకున్నారు. పారెయ్యడానికి మనసొప్పక కూర్చుని కుట్టుకున్నట్టుంది. ముడి కూడా సరిగ్గా పడలా పాపం. నాకావిడ తెల్సినట్టే అనిపించింది. చెప్తే అందరూ సరిచేసేత్తారు, ఇంక ఆ ఆకు ఎక్కడా ఉండదు." దారపు ఉండ డబ్బాలో సర్దుకుని, "బావుందని చెప్పలేదు, అంతే" అంది. మళ్ళీ సూది తీసుకుంది.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు, కూర్చోలేకపోయాను, వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాను, బైండు బల్ల మీద వదిలేసి. చూసింది! పద్నాలుగు మందిలో ఒకరు చూశారు, ఆ ఒకరు మా అమ్మ, చూసి అల్లింది. చెయ్యి గుడ్డిది కాదు, చెయ్యే చూసింది. కాగితం మీద గీసిన డిజైను ఉంటుంది చూడండి, గళ్ళ కాగితం, అందులో పన్నెండు ఆకులూ ఒకేలా ఉంటాయి, అందులో చిరుగు ఉండదు, చిరుగు ఉండాలంటే ముక్క ఒకరి ఇంట్లోకి వెళ్ళాలి, ఒకరి చేతిలో చిరగాలి, ఒకరికి దాన్ని పారెయ్యడానికి మనసొప్పకూడదు. ఆ జర్మన్ పెద్దాయన ఇచ్చింది గళ్ళ కాగితం! గొప్ప కాగితం, పన్నెండు ఆకులూ లెక్క తప్పని కాగితం. కానీ నవలలు అల్లింది కాగితాన్ని చూసి కాదు, చిరిగి కుట్టుకున్న ముక్కని చూసి. వంకర ఆకుతో సహా, ముడితో సహా. నేను బస్‌స్టాండులో మూడు బస్సులు వదులుకున్నది దేనికి? ఆ ఎనభై పేజీల్లో వెలుతురు అందంగా మారుతున్నందుకా? కాదు, గుర్తొస్తోంది, నలభయ్యో పేజీలోనో ఎక్కడో ఆ మనిషి వెలుతురు చూస్తూ చూస్తూ కిటికీ రెక్కకి చెయ్యి చాపి, ఎందుకో వెనక్కి తీసేసుకుంటాడు, అక్కడ నేను ఆగిపోయాను, ఆ మనిషి నాకు తెలిసినట్టనిపించింది. అచ్చంగా అదే మాట! తెలిసినట్టనిపించింది. అమ్మ నోట్లో మాట. ఆ సిద్ధాంతం ప్రకారమైతే ఆ చెయ్యి అక్కడ ఉండనక్కర్లేదు, సిద్ధాంతానికి ఆ చెయ్యి వంకర.

కావాలనిపించకుండా నచ్చేదట! అమ్మకి ఆ ఆకు నచ్చింది, నిజమే, దాన్నుంచి ఏమీ అక్కర్లేదు, అదీ నిజమే, ఇంతవరకూ పెద్దాయనకి నూటికి నూరు. కానీ అది ఉండాలి అని కావాలనుకుంది కదా, దానికోసం నాలుగు నెలలు నోరు విప్పలేదు కదా, ఈ కావాలనుకోవడాన్ని ఆయన ఎక్కడ పెడతాడు? ఆయన పుస్తకంలో దానికి చోటెక్కడుంది? చోటు లేకే కదా వందేళ్ళ తరవాత అంతమంది కూర్చుని అన్నేసి నవలలు రాయాల్సి వచ్చింది! నాకు కాగితం కావాలి, పెన్ను కావాలి, పెన్ను పర్సులో ఉంది, కాగితం లేదు, బస్సు టికెట్టు వెనకాల రాశాను, చోటు చాలక అరచేతి మీద రాశాను. ముప్పై నాలుగేళ్ళ లెక్చరర్ని, అరచేతిలో సిరా, సత్తియ్య గారు చూసి ఏమనుకున్నారో చూపు తిప్పేసుకున్నారు. కాపీ కొట్టడానికి రాసుకుంటున్నాననుకుని ఉంటారు. నవ్వొచ్చింది. ఆనందంగా ఉంది నాకు, భయం పోలేదు, భయంతో పాటే ఆనందంగా ఉంది. తొమ్మిదేళ్ళలో నాకు తోచిన మొదటి మాట ఇదే, మిగతావన్నీ నేర్చుకున్నవి.

"ఒకటి దాచానే" అంది అమ్మ, నేను మళ్ళీ పక్కన కూలబడగానే. "అన్నీ ఊడదీశారు, నేనూ ఊడదీశా, ఒకటి మాత్రం ఉంచేశా. రేడియో మీదది."

రేడియో మీదది. నా కళ్ళ ముందు రేడియో, మర్ఫీ పెట్టె, దాని మీద తెల్లటి గుండ్రటి గుడ్డ, పొద్దున్నే వార్తలు, దాని మీద నా రిబ్బన్లు పెట్టేదాన్ని, పరీక్షలప్పుడు హాల్ టికెట్టు పెట్టేదాన్ని. రేడియో పోయాక అది టీవీ మీదకి మారింది, నిన్న సాయంత్రం కూడా దాని మీంచి దువ్వెన తీసుకున్నాను. ఆకులు లెక్కపెట్టడానికి చూశాను, ఇక్కడి నుంచి, మనసులో, ఒకటి, రెండు, మూడు, నాలుగు దాకా వచ్చి ఆగిపోయాను, నాకు ఆ గుడ్డ కనిపించడం లేదు. తెల్లగా ఏదో ఉందంతే. ఇరవై నాలుగేళ్ళు కళ్ళ ముందు ఉంది, నేను దాన్ని ఒక్కసారీ చూడలేదు. అందం గురించి పుస్తకం రాసిందాన్ని! కళ్ళు లేనిది ఎవరికో తెలిసిపోయింది, సిగ్గు వేసింది, ఆ సిగ్గులో కూడా ఏదో ఉత్సాహం, ఇంటికెళ్ళి ఆ గుడ్డని చూడొచ్చు కదా, అది ఇంకా అక్కడే ఉంది కదా.

అమ్మ మాత్రం ఉత్సాహంగా లేదు. డబ్బా మూత వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది. "పెద్దింట్లమ్మ వదినకి అప్పటికే వేళ్ళు వంగేవి కాదు" అంది. పెద్దింట్లమ్మ అత్త మా ఎదురింటావిడ, నాకు జడలు వేసేది, పోయి ఆరేళ్ళయింది. "ఆ పదిహేను రోజులూ ఏడుస్తానే ఊడదీసింది. రాత్రిళ్ళు వేన్నీళ్ళలో పెట్టుకునేది వేళ్ళు. మొదట్లోనే ఒక్క మాట చెప్పుంటే ఆ బాధ లేదు కదా మడిసికి. పోయేముందు చెప్దామనుకున్నా. మంచం దాకా ఎల్లా. నోరు రాలా." నా అరచేతిలో రాసుకున్న దాని కింద ఇది కూడా రాయాలి, రాయకపోతే మళ్ళీ అబద్ధం రాసినట్టే. పూతని పూతగా చూసి ఆగిపోవడం అంత తేలికైన పని కాదు, ఎదురింటావిడ వేళ్ళ మీద పడుతుంది దాని బరువు. పెద్దాయన ఇది చెప్పలేదు. నవలలు చెప్పాయి, ప్రతి మంచి నవలా చెప్పింది, నేను ఆ పేజీలు చదివి కూడా వాటిని అల్లిక కింద జమకట్టి దాటిపోయాను.

స్కూటరు చప్పుడు. జగపతిరాజు గారు ముందు, వెనక సీటు దిగుతూ ఒక పొట్టి ఆవిడ, నలిగిన నూలు చీర, చేతిలో నా పుస్తకం, మధ్యలో చీటీ పెట్టి ఉంది, ఎక్కడ పెట్టి ఉందో నాకు తెలుసు. రాజుగారు నా పక్కగా వెళ్తూ మెల్లిగా, "గుర్తుందిగా అమ్మా, ఒక్క మాట. దాటేయ్" అన్నారు. మంచి మనిషి, నన్ను ఒడ్డు చేర్చాలని ఆయన తాపత్రయం. ఆ మాట చెప్తే గంటలో అయిపోతుంది. చెప్పకపోతే నాలుగో అధ్యాయం మళ్ళీ రాయమంటారు, ఏడాదో రెండేళ్ళో, అసలే వద్దనొచ్చు కూడా. నేను లెక్క వేసుకోలేదు. సత్తియ్య గారు తలుపు తీసి పట్టుకుని, "రండి మేడం గారూ" అంటే, "మా అమ్మ కూడా రావచ్చాండి?" అని అడిగాను. "అయ్యో, వైవా అంటే ఎవరైనా రావొచ్చండి, ఎనకాల కుర్చీలున్నాయి" అన్నారు. అమ్మ కంగారు పడింది, "నాకెందుకే, నాకేం తెలుద్ది" అంది. డబ్బా తీసుకుని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను.

గదిలో నలుగురు, పొడవాటి బల్ల, మంచినీళ్ళ గ్లాసుల మీద మూతలు. అమ్మ చివరి వరస కుర్చీలో అంచున కూర్చుంది, కాసేపటికి వెనక నుంచి ఆ మెత్తని చప్పుడు మొదలైంది, కూర్చుంటే చేతులు ఊరుకోవు. నాకు ధైర్యం వచ్చింది. మైసూరు మేడం గారు చీటీ పెట్టిన చోట పుస్తకం తెరిచి, ఏ ముందుమాటా లేకుండా, ఇంగ్లీషులో, నవ్వుతూనే అడిగారు, "పదిహేడో ఫుట్‌నోటు. ఎవరినైనా అడిగారా?" రాజుగారు బల్ల మీద పెన్ను సర్దుతూ నా వైపు చూశారు.

"అడిగానండి" అన్నాను. "అరగంట కిందట. బయట బల్ల మీద. నేను రాసింది తప్పండి. ఆ అధ్యాయం తప్పండి."

రాజుగారి పెన్ను ఆగింది. ఆవిడ ముందుకి వంగి, "ఎవరిని?" అన్నారు. నేను వెనక్కి తిరిగాను, నాతో పాటు నలుగురూ చూశారు. అమ్మకి ఇంగ్లీషు రాదు. అందరూ తననే చూస్తున్నారని మాత్రం తెలిసింది. సూది డబ్బాలో పడేసి, మూత పెట్టి, లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది, కొంగు భుజం చుట్టూ లాక్కుంది. అప్పుడు నాకు అర్థమైంది, అమ్మ ఇది తన మీద విచారణ అనుకుంది, ఇరవై నాలుగేళ్ళ నుంచీ తను ఎదురుచూస్తున్నది దీనికే అనుకుంది.

"ఏడో ఆకు సంగతేనాండి?" అంది అమ్మ. "నేనేనండి. మావోళ్ళ తప్పేం లేదండి, వాళ్ళకి తెలీదు. అందరూ నా మూలంగా మాటలు పడ్డారు. నాకు తెల్సండి. బావుందని చెప్పలేదండి."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మైసూరు మేడం గారు నా వైపు తిరిగి, ఆవిడ ఏమన్నారని అడిగారు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను. అమ్మ అన్నది అన్నట్టు, ఒక్క ముడి సరిచెయ్యకుండా, చెప్పడం మొదలుపెట్టాను.